సంచి మీద 70, చేనులో 30: సోయా గింజ ఎక్కడ ఆగిపోతోంది?

విత్తిన తొమ్మిదో రోజు పొద్దున్నే మా కాక చేనులో గొంతుక్కూర్చుని కట్టెపుల్లతో సాలు తవ్వుతున్నాడు. సోయా సాళ్లలో అక్కడో మొలక, ఇక్కడో మొలక. మధ్యలో వేసిన కంది సాలు మాత్రం దువ్వెన పళ్లలా వరుసగా లేచింది. తవ్వగా దొరికిన నాలుగు సోయా గింజలు అరచేతిలో పెట్టి చూపించాడు. ఒకటి ఉబ్బి మెత్తబడింది. నొక్కితే తెల్లటి పేస్టు, కుళ్లు వాసన. రెండోదానికి తోక వచ్చింది, కానీ తోక చివర నల్లగా ఎండిపోయింది. మూడోది మెడ వంచి పైకి రాబోయి, మట్టి పెచ్చు కింద మెడ విరిగి ఆగిపోయింది. నాలుగోది సంచిలోంచి తీసినప్పుడు ఎలా ఉందో అలాగే గట్టిగా ఉంది.

"కంది లేచింది, సోయా లేవలే. గదే మట్టి, గదే వాన. ఇంక ఇత్తనం దొంగది కాకపోతే ఏంది?" అన్నాడు.

అడిగినంత తేలిగ్గా జవాబు చెప్పలేని ప్రశ్న అది. నాందేడ్ జిల్లా సరిహద్దు తాలూకాల్లో, అంటే ధర్మాబాద్, బిలోలి, దెగ్లూర్, కిన్వట్ వైపు, మిరుగం కార్తె దాటాక ఈ మాట వినని ఏడాది తక్కువ. 2020 ఖరీఫ్‌లో అయితే సోయా మొలవలేదని మహారాష్ట్ర అంతటా వేల ఫిర్యాదులు వచ్చాయి. పత్రికల్లో వార్తలు చూసి బాంబే హైకోర్టు ఔరంగాబాద్ ధర్మాసనం తనంతట తానే కేసు విచారణకు తీసుకుంది. రెండోసారి విత్తడాన్ని మరాఠీలో 'దుబార్ పేర్ణీ' అంటారు. మా ఇళ్లలో ఆ మాట ఎప్పుడో తెలుగైపోయింది.

విత్తనం తప్పా, వాన తప్పా, విత్తినవాడి తప్పా అని వాదన మొదలయ్యే ముందు ఆ నాలుగు గింజలకు ఏం జరిగిందో చూడాలి.

## ఉబ్బడం వేరు, మొలవడం వేరు

ఎండు గింజ అంటే నిద్రపోతున్న పిల్లమొక్క. సోయా తొక్క తీస్తే రెండు పప్పు బద్దలు, వాటి అంచున చిన్న ముక్కులాంటిది కనిపిస్తాయి. ఆ ముక్కే రేపటి వేరు, కాండం. బద్దలు దానికి దారిబత్తెం. సోయా బద్దల్లో సుమారు 40 శాతం ప్రొటీన్, 20 శాతం నూనె ఉంటాయి. ఈ రెండు అంకెలతో ముందు ముందు పని పడుతుంది.

గింజ మేల్కొనడం మూడు అడుగుల్లో సాగుతుంది. మొదట నీళ్లు పీల్చుకుంటుంది. ఇందులో ప్రాణంతో పనిలేదు. వానాకాలంలో కొయ్య తలుపు బిగిసిపోయినట్టే చచ్చిన గింజ కూడా చక్కగా ఉబ్బుతుంది. "నీళ్లల్ల ఏస్తే ఉబ్బింది, మంచి ఇత్తనమే" అని కొందరు చేసే పరీక్ష అందుకే దేనికీ పనికిరాదు. రెండో అడుగులో పైకి ఏమీ కనిపించదు. లోపల మాత్రం శ్వాస వేగం పెరుగుతుంది, నెలల తరబడి ఎండి ఉండటం వల్ల దెబ్బతిన్న కణాల పొరలు బాగుపడతాయి, ఎంజైములు పనిలోకి దిగి బద్దల్లోని నిల్వను కరిగిస్తాయి. మూడో అడుగులో వేరు తొక్కను చీల్చుకుని బయటికి వస్తుంది. మనం తోక అనేది దాన్నే.

తోక రాకముందు గింజ మళ్లీ ఎండిపోయినా చాలావరకు తట్టుకుంటుంది. విత్తనాన్ని నానబెట్టి, ఆరబెట్టి విత్తే పద్ధతి నడిచేది ఆ గుణం మీదే. తోక వచ్చాక ఆ శక్తి పోతుంది. అప్పుడు చుట్టూ ఉన్న మట్టి ఎండితే గింజకు వెనక్కి దారి లేదు. కాక చేతిలోని రెండో గింజ కథ ఇదే. ఒక వానకు లేచింది, రెండో వాన రాకముందే పోయింది. అంటే ఆ ఒక్క గింజ విషయంలో విత్తనం తన పని తాను చేసింది.

ఇంకో చిక్కు 'మొలక' అనే మాటలోనే ఉంది. వృక్షశాస్త్రంలో తోక బయటపడితే మొలకెత్తినట్టే. విత్తన పరీక్ష ల్యాబులో వేరు, కాండం రెండూ సక్రమంగా ఎదిగిన మొక్కనే మొలకగా లెక్కిస్తారు, వంకరవీ విరిగినవీ పక్కన పెడతారు. రైతుకు మట్టి పైన ఆకుపచ్చ కనిపిస్తేనే మొలక. ముగ్గురూ ఒకే మాట వాడుతూ మూడు వేర్వేరు వాటిని లెక్కపెడుతున్నారు. సగం కొట్లాట ఇక్కడే పుడుతుంది.

## ఎకరం గింజలకు పదిహేను లీటర్లు చాలు, అయినా వంద మిల్లీమీటర్ల వాన ఎందుకు?

మొలవాలంటే సోయా గింజ తన బరువులో సుమారు సగం నీళ్లు తాగాలి. మొక్కజొన్నకు 30 శాతం దాకా చాలు, వరికి ఇంకొంచెం తక్కువ. తేడా ప్రొటీన్‌ది. పిండి పదార్థం కంటే ప్రొటీన్ నీటిని ఎక్కువగా లాగుతుంది.

లెక్క వేద్దాం. ఎకరానికి 30 కిలోల సోయా విత్తనం పడుతుంది. అందులో సగం అంటే పదిహేను కిలోల నీళ్లు, అంటే పదిహేను లీటర్లు. ఒక బిందెడు. మరి ఎకరం మీద ఒక్క మిల్లీమీటరు వాన పడితే వచ్చే నీళ్లు నాలుగు వేల లీటర్లకు పైనే. ఈ లెక్కన చిన్న తుంపర చాలాలి కదా?

చాలదు. నేలలో నీళ్లు ఉన్నా అవి గింజ దాకా రావాలి, తోక వచ్చి వేరు కిందికి దిగేదాకా అక్కడే ఉండాలి. నల్లరేగడి జిగట మట్టి. తనలోని నీటిలో చాలా భాగాన్ని గట్టిగా పట్టుకుంటుంది, గింజకు అంత సులువుగా వదలదు. రోహిణి ఎండలకు నెర్రెలిచ్చిన నేల మీద ఇరవై మిల్లీమీటర్ల వాన పడితే పైన మూడు నాలుగు వేళ్ల మందం తడుస్తుంది, కింద పొడిగానే ఉంటుంది. పై తేమను కింది పొడి మట్టి లాగేస్తుంది, ఎండ పైకి లాగేస్తుంది. గింజ ఉండేది సరిగ్గా ఆ మధ్యలో, రెండు వేళ్ల లోతున. మూడు నాలుగు రోజులు మబ్బు లేకపోతే ఆ గీత దగ్గర పదును పోతుంది. 75 నుంచి 100 మిల్లీమీటర్ల వాన పడేదాకా ఆగమని వ్యవసాయ శాఖ ఏటా చెప్పేది, కింది పొర కూడా తడిసి పైకి తేమ అందించే స్థితి రావాలనే.

సలహా సరైనదే. ఆగకుండా విత్తిన రైతును తొందరపాటు మనిషి అనడం మాత్రం నాకు సరిగా తోచదు. నల్లరేగడిలో వంద మిల్లీమీటర్లు నిండేదాకా ఆగితే, ఆ వాన వరుసగా కురిస్తే, వారం రోజులు చేనులో ట్రాక్టరు దిగదు. చక్రానికి మట్టి ముద్దలు కట్టి దిగబడుతుంది. ఊళ్లో ఉన్న రెండు మూడు ట్రాక్టర్లకు అందరూ ఒకేరోజు వరుస కడతారు. ముందు విత్తితే ఎండకు పోవచ్చు, ఆగితే బురదకు పోవచ్చు. రెండూ జూదమే.

నాలుగో గింజ సంగతి కూడా ఇక్కడే తేలుతుంది. రాయిలా ఉన్న ఆ గింజ బహుశా పెడ్డల మధ్య ఖాళీలో పడింది. గింజను మట్టి అన్నివైపులా తాకితేనే నీళ్లు అందుతాయి. పక్కనే తడి ఉన్నా దానికి చుక్క అందలేదు. బతికే ఉంది. తర్వాతి వానకు లేస్తుంది, కానీ అప్పటికి పక్క మొక్కలు జానెడు ఎత్తు ఎదిగి దాన్ని నీడలో పడేస్తాయి.

## కుళ్లిన గింజ సాక్ష్యం రెండు వైపులా చెల్లుతుంది

గింజకు నీళ్లతో పాటు గాలి కావాలి. రెండో అడుగులో శ్వాస ఒక్కసారిగా పెరుగుతుందని చెప్పుకున్నాం కదా, దానికి ఆక్సిజన్ ఎక్కడి నుంచి రావాలి? మట్టి రేణువుల మధ్య సందుల నుంచి. పెద్దవాన పడి చేను నీటితో నిండితే ఆ సందులన్నీ నీళ్లే. సోయా గింజ ఒకటి రెండు రోజులు అలా మునిగి ఉంటే ఊపిరాడక దెబ్బతింటుంది. వరికి ఆ ఇబ్బంది తక్కువ. గాలి దాదాపు లేని నీటిలోనూ అది ముందు మోసును పైకి సాగదీసి, గాలి దొరికాక వేరు వేస్తుంది. గోదావరి ఒడ్డున వరి, మిట్ట మీద సోయా పెట్టుకున్న మన పెద్దలకు ఇది శాస్త్రం పేరు లేకుండానే తెలుసు.

మరో రకం దెబ్బ ఉంది. బాగా ఎండిన గింజ, అదీ తొక్క పగిలినది, తడి మట్టిలో పడగానే నీళ్లను మరీ వేగంగా లాగేసుకుంటుంది. కణాల పొరలు సర్దుకునే వ్యవధి దొరకదు, చిట్లుతాయి. లోపలి చక్కెరలు బయటికి కారతాయి. ఆ తీపికి బూజు తెగుళ్లు చేరతాయి.

ఇప్పుడు మొదటి గింజను చూడండి. ఉబ్బి, కుళ్లి, వాసన వస్తోంది. సంచిలో ఉండగానే చచ్చిపోయి ఉండొచ్చు. బతికే వచ్చి నీళ్లలో మునిగి చచ్చిపోయి ఉండొచ్చు. నీరసంగా వచ్చి బూజుకు లొంగిపోయి ఉండొచ్చు. తొమ్మిదో రోజుకు మూడూ ఒకేలా కనిపిస్తాయి. రైతు దాన్ని చూపించి విత్తనం చచ్చిందంటాడు, కంపెనీ మనిషి అదే గింజను చూపించి నీళ్లు నిలిచాయంటాడు. ఇద్దరూ అబద్ధం చెబుతున్నట్టు కాదు.

## పక్క సాలులో కంది ఎందుకు లేచింది

కాక వాదనలో అన్నిటికంటే బలమైన ముక్క ఇది. అదే మట్టి, అదే వాన, కంది లేచింది. నేను కూడా మొదట దీనికి తలూపాను.

చింతగింజ మొలిచేటప్పుడు చూసే ఉంటారు. రెండు లావుపాటి బద్దలు మట్టిని తోసుకుంటూ పైకి వస్తాయి, మధ్యలోంచి ఆకులు విచ్చుకుంటాయి. సోయా అదే జాతి మొలక. పత్తి, పెసర, మినుము కూడా అంతే. కాండం కింది భాగం సాగి, కొక్కెంలా వంగి, ముందు ఆ వంపు నేలను చీలుస్తుంది. తర్వాత వంపు నిటారై రెండు బద్దల్ని వెనకాల లాక్కుంటూ పైకి తెస్తుంది. కంది, శనగ, బఠాణి అలా చేయవు. వాటి బద్దలు మట్టిలోనే ఉండిపోతాయి, సూదిలాంటి మొలక ఒక్కటే పైకి వస్తుంది. జొన్న, వరి, మొక్కజొన్నలో కూడా గింజ కిందే ఉండి మోసు పైకి పొడుచుకొస్తుంది.

ఒకరు గొడుగు ముడిచి తలుపు సందులోంచి దూరారు, ఇంకొకరు గొడుగు విప్పుకుని దూరబోయారు అనుకోండి. ఎవరు ఇరుక్కుంటారు? నల్లరేగడి మీద జోరువాన పడి, వెంటనే ఎండ కాస్తే పైన పెచ్చు కడుతుంది. కంది మొలక ఆ పెచ్చు పగుళ్లలోంచి దారి చేసుకుంటుంది. సోయా తన గొడుగుతో తోస్తూ తోస్తూ మెడ విరుచుకుంటుంది. మూడో గింజ మరణం ఇదే. ట్రాక్టరు గొర్రు కాస్త లోతుకు దిగి గింజ రెండు వేళ్ల బదులు నాలుగు వేళ్ల లోతున పడితే ఇదే కష్టం రెట్టింపవుతుంది. దారి పొడవు, బత్తెం అంతే.

కాబట్టి కంది లేచినంత మాత్రాన సోయా విత్తనం చెడ్డదని రుజువు కాదు. మంచిదని కూడా కాదు. సోయా సోయాతోనే పోల్చాలి. గట్టుకు అటు పక్కవాళ్లు అదే రోజు, అదే గొర్రుతో వేరే లాట్ (ఒకే నంబరుతో, ఒకే పరీక్షతో అమ్మే దఫా) విత్తనం వేసి, అది బాగా లేస్తే, అప్పుడు రైతు మాటకు నిజంగా బరువు వస్తుంది. 2020లో చాలామంది రైతులు చెప్పింది కూడా అదే. ఒకే చేనులో రెండు సంచులు, ఒకటి లేచింది, ఒకటి లేవలేదు అని. అలాంటి చోట వానను నిందించి తప్పించుకోవడం కష్టం.

## సంచిలోనే ముసలైపోయే గింజ

ఇజ్రాయెల్‌లోని మసాడా కోటలో దొరికిన సుమారు రెండు వేల ఏళ్ల నాటి ఖర్జూర గింజ 2005లో మొలిచింది. మన సోయా గింజ ఒక ఎండాకాలం దాటడానికే ఆపసోపాలు పడుతుంది. నూనె ఉన్న గింజ కాబట్టి లోపల మెల్లగా చెడుతుంది, ఇంట్లో పల్లీలు నిల్వ ఉంటే మురిగిన వాసన వచ్చినట్టు. పైగా తొక్క పల్చన. వేరు కావాల్సిన ముక్కు ఆ పల్చటి తొక్క కింద అంచునే ఉంటుంది. నూర్పిడి యంత్రం వేగంగా తిరిగినా, లారీ మీద నుంచి సంచిని దబ్బున కింద పడేసినా దెబ్బ తగిలేది ముందు దానికే. గింజ బయటికి నిగనిగలాడుతూనే ఉంటుంది.

నిల్వ గురించి విత్తన శాస్త్రంలో ఒక మోటు లెక్క ఉంది. గింజలో తేమ ఒక శాతం తగ్గితే ఆయుష్షు రెట్టింపు, చుట్టూ వేడి అయిదు డిగ్రీలు తగ్గితే మళ్లీ రెట్టింపు. ఒకే లాట్‌లోని రెండు సంచులు తీసుకుందాం. ఒకటి 10 శాతం తేమతో 30 డిగ్రీల గోదాములో ఉంది. ఇంకొకటి 13 శాతం తేమతో 40 డిగ్రీల రేకుల షెడ్డులో ఉంది. తేమలో మూడు శాతం తేడా అంటే రెండు, నాలుగు, ఎనిమిది రెట్లు. వేడిలో పది డిగ్రీల తేడా అంటే నాలుగు రెట్లు. మొత్తం ముప్పై రెండు రెట్లు. మొదటి సంచి నెలల్లో పోగొట్టుకునే జీవాన్ని రెండోది రోజుల్లో పోగొట్టుకుంటుంది. ఖచ్చితమైన సూత్రమేమీ కాదు, కానీ దిశ తెలుస్తుంది. మే నెలలో మా వైపు ఎండ 42, 43 డిగ్రీలు తాకుతుంది. రేకుల కింద ఎంత ఉంటుందో ఊహించుకోవచ్చు.

2020 గొడవకు వేళ్లు 2019 అక్టోబరు, నవంబరుల్లో ఉన్నాయి. కోతకొచ్చిన సోయా మీద అకాల వానలు పడ్డాయి. కాయలోనే తడిసి, ఎండి, మళ్లీ తడిసిన గింజ విత్తనంగా మారింది. సోయాలో చెప్పుకోదగ్గ నిద్రావస్థ ఉండదు, తడి తగిలితే కాయలోనే మేల్కొనబోతుంది. పెసరలో అయితే కొన్ని గింజల తొక్క రాయిలా ఉండి నీళ్లనే రానివ్వదు. అలాంటి కవచం సోయాకు లేదు.

## ట్యాగు మీది 70 ఏం చెబుతుంది

సోయా విత్తనానికి దేశంలో కనీస మొలక ప్రమాణం 70 శాతం. వరికి 80, కందికి 75, వేరుశనగకు 70. సోయాకు అంకె తక్కువ పెట్టడంలోనే దాని సున్నితత్వాన్ని ఒప్పుకున్నట్టుంది.

ల్యాబులో నాలుగు వందల గింజలు తీసుకుని తడి కాగితంలోనో ఇసుకలోనో, గింజకు నచ్చే వేడిలో పెడతారు. ఎనిమిదో రోజున చివరి లెక్క. అక్కడ పెచ్చు కట్టదు, ఎండ కొట్టదు, వరద రాదు. అత్తారింట్లో పండుగకొచ్చిన కొత్త అల్లుడికి దొరికే మర్యాద అది. ఆ మర్యాదలో 70 మంది లేస్తారని ట్యాగు చెబుతుంది. మామూలు రోజున చేనులో ఎంతమంది లేస్తారో చెప్పదు. ఆ రెండోదాన్ని విత్తన ఓజస్సు అంటారు. రెండు లాట్లు ల్యాబులో చెరి 72 చూపించి, చేనులో ఒకటి 60, ఇంకొకటి 35 చూపించవచ్చు. వేడిలో, తేమలో గింజను కావాలని కొన్ని రోజులు ఇబ్బందిపెట్టి ఆ తర్వాత మొలిపించి చూసే ఓజస్సు పరీక్షలు ఉన్నాయి. ఆ అంకె సంచి మీద వేయాలని మాత్రం చట్టం అడగదు.

తేదీ సంగతి కూడా ఉంది. ట్యాగు పరీక్ష రోజు నుంచి తొమ్మిది నెలలు చెల్లుతుంది. చలికాలంలో పరీక్షించిన సంచి ఎండాకాలమంతా ఏ షెడ్డులో ఉన్నా కాగితం ప్రకారం అది 70 శాతం విత్తనమే.

70 వస్తే ఏమవుతుందో చూద్దాం. వంద సోయా గింజలు సుమారు 12 గ్రాములు తూగుతాయి. ముప్పై కిలోలంటే రెండున్నర లక్షల గింజలు. అందులో 70 శాతం అంటే లక్షా డెబ్బై అయిదు వేల మొక్కలు. సాళ్ల మధ్య 45 సెంటీమీటర్లు, మొక్కల మధ్య 5 సెంటీమీటర్లు అనుకుంటే ఎకరంలో పట్టేవి దాదాపు లక్షా ఎనభై వేలు. రెండు లెక్కలూ కలిశాయి. అంటే ఎకరానికి 30 కిలోలు అనే సిఫారసులోనే నష్టానికి చోటు దాదాపు లేదు. మీటరు సాలులో 28 గింజలు పడితే 20 లేవాలి. కాక చేనులో మేం కర్ర పెట్టి లెక్కపెడితే మీటరుకు ఎనిమిది, తొమ్మిది.

రైతులు ఇంట్లో చేసే గోనెపట్టా పరీక్షకు కూడా ఒక పరిమితి ఉంది. తడి పట్టాలో వంద గింజలు వరుసగా పెట్టి, చుట్టి, వారం తర్వాత విప్పి లెక్కపెడతారు. అసలు మొలక శాతం నిజంగా 70 ఉన్న సంచి నుంచి వంద గింజలు తీసినా ప్రతిసారీ 70 రాదు. కేవలం చేతికి వచ్చిన గింజల అదృష్టాన్ని బట్టి 61 నుంచి 79 దాకా ఎంతైనా రావచ్చు. 66 వచ్చిందని సంచిని తిట్టడం, 74 వచ్చిందని మెచ్చుకోవడం రెండూ తొందరే. నాలుగు వందల గింజలతో చేస్తే ఊగిసలాట సగానికి తగ్గుతుంది. ల్యాబువాళ్లు నాలుగు వందలు తీసుకునేది అందుకే.

## లేచిన తర్వాత

మట్టిపైకి వచ్చిన బద్దలు ఆకుపచ్చబడి, వారం పది రోజులు మొక్కను సాకి రాలిపోతాయి. అక్కడి నుంచి ఎండ, నీళ్లు, గాలి, పోషకాలు. వీటిలో ఏది తక్కువైతే పెరుగుదల దాని దగ్గరే ఆగుతుంది, మిగతావి ఎన్ని ఉన్నా. సున్నం ఎక్కువున్న నల్లరేగడిలో పెద్దవాన తర్వాత లేత ఆకులు పసుపై ఈనెలు మాత్రం పచ్చగా ఉంటే అది ఎక్కువగా ఇనుము అందక వచ్చేది. నేలలో ఇనుము లేక కాదు, వేరు దాన్ని తీసుకోలేక. ఆ పసుపును కూడా విత్తనం ఖాతాలో రాసేవాళ్లున్నారు.

మొలక గొడవకు నేరుగా తగిలేది పగటి పొడవు. సోయా పగళ్లు కురచబడుతుంటే పూతకు వచ్చే మొక్క. పగటి పొడవుకు మొక్కలు స్పందిస్తాయని 1920లో అమెరికాలో గార్నర్, అలార్డ్ చూపించింది పొగాకుతో పాటు సోయా మీదే. జూన్ మూడో వారంలో వేసిన సోయా బాగా కొమ్మలు వేశాక పూస్తుంది. దుబార్ పేర్ణీ చేసి జులై మధ్యలో వేసినది పెరగడానికి తక్కువ రోజులు దొరికి, పొట్టిగా ఉండగానే పూతకు వస్తుంది. రెండోసారి విత్తితే పోయేది విత్తనం డబ్బు, ట్రాక్టరు కిరాయి మాత్రమే అనుకుంటే లెక్క తప్పుతుంది.

## ఎవరి మాటకు ఎంత బరువు

కంపెనీలు చెప్పేది: పరీక్షలో పాసైన లాట్ అమ్మాం, చేను మా చేతిలో లేదు. ఇందులో నిజం ఉంది. కానీ పరీక్షకూ విత్తడానికీ మధ్య ఉన్న నెలల్లో గింజ రైతు చేతిలోనూ లేదు. రైతులు చెప్పేది: నా ఊరి మట్టి నాకు తెలుసు, ఏటా ఇలాగే విత్తుతాను, ఈ ఏడే ఎందుకు లేవలేదు? ఇందులోనూ నిజం ఉంది. కానీ ఏటా ఒకేలా విత్తినా ఏటా ఒకేలా వాన రాదు. శాస్త్రవేత్తలు చాలామంది మధ్యలో నిలబడి, నీరసపు విత్తనం, ప్రతికూల నేల కలిసి కొట్టిన దెబ్బ అంటారు. నాకు ఇదే దగ్గరగా అనిపిస్తుంది, కాకపోతే పరిహారం అడిగే మనిషికి "రెండూ కారణాలే" అన్న జవాబు కడుపు నింపదు.

చట్టం సంగతి చెప్పాలంటే, ఇప్పటికీ ఆధారం 1966 విత్తన చట్టమే. దాని కింద మొదటి తప్పుకు జరిమానా 500 రూపాయల వరకు. అచ్చుతప్పు కాదు, అయిదు వందలే. నష్టపరిహారం కావాలంటే రైతు వినియోగదారుల కమిషన్‌కు వెళ్లాలి. ఆ దారిని గట్టిపరిచింది తెలుగు రైతులు వేసిన కేసులే. 2012లో సుప్రీంకోర్టు ఆ కేసుల్లో రైతు కూడా వినియోగదారుడే అని చెప్పింది. ఉన్న విత్తనమంతా చల్లేసిన రైతు పరీక్ష కోసం నమూనా దాచి ఉండాలని ఆశించలేం అని కూడా అంది. ఊరి స్థాయిలో అయితే మహారాష్ట్రలో తాలూకా ఫిర్యాదుల కమిటీ వచ్చి చేను చూసి పంచనామా రాస్తుంది. వాళ్లు వచ్చేసరికి గింజ కుళ్లిపోయి ఉంటుంది, లేదా రైతు చేనంతా మళ్లీ దున్ని ఉంటాడు. కమిటీ కోసం ఆగితే పదును పోతుంది కదా.

కాక సగం చేను దున్ని సగం ఆపాడు. సంచి అడుగున రెండు పిడికిళ్ల విత్తనం మిగిలింది, దాన్ని ట్యాగుతో సహా దాచాడు. అందులోంచి వంద గింజలు గోనెపట్టాలో పెడితే 58 లేచాయి. 61కి కింద ఉంది కాబట్టి ఇది ఉత్త అదృష్టం అనడం కష్టం, సంచిలో 70 లేకపోవడానికే ఎక్కువ అవకాశం. ఒక్క పరీక్షే అనుకోండి, అయినా దాంతోనే లెక్క వేసి చూపించాను.

"రెండున్నర లక్షల గింజలు ఏసినవ్. డెబ్బై శాతం లేస్తే లక్షా డెబ్బై అయిదు వేల మొక్కలు. ఇప్పుడున్నవి డెబ్బై అయిదు వేలు. లక్ష తక్కువ. ఇత్తనం 58 శాతందే అయితే మంచి నేలల కూడా లక్షా నలభై అయిదు వేలే లేస్తయి. అంటే తక్కువైన ఆ లక్ష మొక్కలల్ల ముప్పై వేలు ఇత్తనం లెక్క. మిగిలిన డెబ్బై వేలు పెచ్చుకు, ఎండకు, నీళ్లకు పోయినయి."

కాక కాసేపు పుల్లతో మట్టి గీకాడు. నేను చెప్పని మాట ఒకటుంది. 58కి దిగజారిన లాట్‌లో బతికున్న గింజలు కూడా నీరసపువే అయి ఉంటాయి, గట్టి గింజ పగలగొట్టే పెచ్చును అవి పగలగొట్టలేవు. అది కాకకు ఎలా తట్టిందో కానీ తలెత్తి అడిగాడు.

"మరి ఆ డెబ్బై వేలల్ల, ఇత్తనం గట్టిగుంటే లేవాల్సినయి ఎన్నిరా?"